ఒకేషనల్ ఎంఎల్‌టీలో చేర్పించాలా? మూడో ఏడాది సంగతి ముందే చూసుకోండి

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లాలో ఒక మండల కేంద్రం. మా బిడ్డ ఈసారి పది పాసైంది. సైన్సులో మంచి మార్కులే, లెక్కల్లో అంతంతమాత్రం. సర్కారు జూనియర్ కాలేజీలో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్) ఒకేషనల్ తీసుకుంటానంటోంది. మా తమ్ముడేమో "ఒకేషనల్ అంటే ఎక్కడా సీటు రానోళ్ల గ్రూపు, దాంతో ఉద్యోగం రాదు, పై చదువుకూ పనికిరాదు, బైపీసీలో వేయండి" అంటున్నాడు. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను, ఆయన ఆటో నడుపుతారు. రెండేళ్లకే చేతికి నాలుగు డబ్బులొస్తే మాకు ఆసరా. నిజంగా ఉద్యోగం వస్తుందా? తర్వాత డిగ్రీ చదువుతానంటే దారి ఉంటుందా? మా బాబు ఎనిమిదో తరగతి. వాడికి కరెంటు పనంటే పిచ్చి. పదయ్యాక వాడిని కూడా ఒకేషనల్‌లోనే వేయాలా, ఐటీఐలోనా?
– ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

మీ తమ్ముడి మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. రెండేళ్ల ఇంటర్ మెమో ఒక్కటే కవర్లో పెట్టుకుని వెళితే ఎంఎల్‌టీ ఒకేషనల్‌కు సరైన ఉద్యోగం దొరకడం కష్టమే. అదే మెమోకు ఒక ఏడాది ఆస్పత్రి శిక్షణ, పారామెడికల్ బోర్డులో నమోదు తోడైతే లెక్క మారిపోతుంది. కాబట్టి మీరు "రెండేళ్లకే" అని రాసిన చోట "మూడేళ్లకు" అని దిద్దుకోండి. ఈ కోర్సు చదివి ఇంట్లో కూర్చున్న పిల్లలు చాలావరకు చదువు దగ్గర దెబ్బతిన్నవాళ్లు కారు, ఆ మూడో ఏడాదిని వదిలేసినవాళ్లు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఒకేషనల్ ఇంటర్ కూడా ఇంటరే. మెమో ఇచ్చేది అదే ఇంటర్ బోర్డు. ఏ గ్రూపైనా సరే ఇంటర్ ఉంటే చాలన్న పోస్టులకు, పోలీస్ కానిస్టేబుల్ లాంటి వాటికి, ఇదీ చెల్లుతుంది. ఇంగ్లీషు, జనరల్ ఫౌండేషన్ కోర్సు, మూడు ఒకేషనల్ పేపర్లు, వాటి ప్రాక్టికల్స్, ఆన్ ది జాబ్ ట్రైనింగ్ ఇందులో ఉంటాయి. ఈ చివరిదాన్ని కాలేజీల్లో ఓజేటీ అంటారు. దాని సంగతి తర్వాత చెబుతాం.

ఇక అసలు ప్రశ్న, ఉద్యోగం. గాల్లో మాటలు వద్దు, ఒక నోటిఫికేషన్ చూద్దాం. 2024 సెప్టెంబరులో తెలంగాణ వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు 1,284 ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులు వేసింది. వేతన స్కేలు 32,810 నుంచి 96,890. అర్హతల జాబితాలో డీఎంఎల్‌టీ (ఎంఎల్‌టీ డిప్లొమా), బీఎస్సీ ఎంఎల్‌టీ, ఎంఎస్సీ ఎంఎల్‌టీ వగైరాలతో పాటు మీ బిడ్డ అడుగుతున్న ఇంటర్ ఒకేషనల్ ఎంఎల్‌టీ పేరు కూడా ఉంది. అయితే మిగతావాటికి లేని ఒక తోక దానికి మాత్రం తగిలించారు. ఏడాది క్లినికల్ ట్రైనింగ్ పూర్తి చేసి ఉండాలి. ఆ పైన అందరికీ ఉమ్మడిగా తెలంగాణ పారామెడికల్ బోర్డులో నమోదై ఉండాలి. ఏఎన్ఎం పోస్టుల నోటిఫికేషన్లలో ఎంపీహెచ్‌డబ్ల్యూ (మల్టీపర్పస్ హెల్త్ వర్కర్) ఒకేషనల్ చదివిన ఆడపిల్లలకు కూడా ఇలాంటి ఏడాది షరతే పెడుతూ వచ్చారు.

మార్కుల లెక్క ఇంకా ముఖ్యం. ఆ ఎంపికలో రాత పరీక్షకు 80 పాయింట్లు, సర్కారు ఆస్పత్రుల్లో కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సర్వీసుకు 20 పాయింట్లు. గిరిజన ప్రాంతంలో ప్రతి ఆరు నెలలకు 2.5, మిగతా చోట్ల 2. అంటే సూర్యాపేట లాంటి చోట 20 నిండాలంటే ఐదేళ్లు పడుతుంది, ఏజెన్సీలో అయితే నాలుగేళ్లు. ఇంటర్ మార్కులకు, డిగ్రీకి విడిగా పాయింట్లేమీ లేవు. రాత పరీక్షలో మీ బిడ్డ, ఎంఎస్సీ చదివిన అమ్మాయి ఒకే గీత మీద నిలబడతారు. ఇది వరమే, చిక్కు కూడా అదే. అర్హత ఉండటం వేరు, ఆ ఎంఎస్సీ అమ్మాయికంటే ఎక్కువ మార్కులు వచ్చేలా రాయగలగడం వేరు. ఒకేషనల్ పుస్తకాలు మాత్రమే చదివి ఆ పరీక్షకు వెళితే సరిపోదు. డీఎంఎల్‌టీ స్థాయి పాథాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదవాలి.

మీ తమ్ముడు చెప్పే బైపీసీ దారిని కూడా ఇదే కొలతతో కొలవండి. బైపీసీ మెమోతో ల్యాబులో ఏ ఉద్యోగమూ లేదు. దాని తర్వాత రెండేళ్ల డీఎంఎల్‌టీ చేయాలి, మొత్తం నాలుగేళ్లు. లేదా బీఎస్సీ ఎంఎల్‌టీ చేయాలి, ఇంటర్న్‌షిప్‌తో కలుపుకుంటే ఆరేళ్లదాకా పడుతుంది. ఒకేషనల్ దారిలో మూడేళ్లకు అదే పోస్టుకు దరఖాస్తు పెట్టవచ్చు, మూడో ఏడాది భృతి కూడా వస్తుంది. ఆదా అయ్యేది ఒక ఏడాది, దాని ఫీజులు. పోయేది, బైపీసీలో రెండేళ్లపాటు గట్టిగా చదివే భౌతిక, రసాయన, జీవశాస్త్రాల పునాది. మీ బిడ్డకు డాక్టర్ కావాలన్న ఆశ మనసులో ఎక్కడైనా ఉందేమో ఈ వారమే అడగండి. ఉంటే ఇంకో మాట లేదు, బైపీసీలోనే వేయండి. నీట్ రాయాలనుకునేవాళ్లకు ఒకేషనల్ దారి కాదు.

మూడో ఏడాది ఎలా దొరుకుతుందో ఇప్పుడు చూద్దాం. 1961 అప్రెంటిస్ చట్టాన్ని 1986లో సవరించి ఒకేషనల్ ఇంటర్ పాసైనవాళ్లను కూడా అందులోకి తెచ్చారు. వీళ్లను టెక్నీషియన్ ఒకేషనల్ అప్రెంటిస్‌లు అంటారు. మన రెండు రాష్ట్రాలకూ ఈ వ్యవహారం చూసేది చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు. శిక్షణ ఏడాది. 2019 నిబంధనల్లో కనీస భృతి నెలకు 7,000 రూపాయలు, అందులో సగం కేంద్రం భరిస్తుంది. ఈ అంకెను అప్పుడప్పుడూ సవరిస్తుంటారు, చేరే నాటికి ఎంతుందో చూసుకోండి. ఏడాది చివర బోర్డు ఇచ్చే ప్రావీణ్య పత్రమే మీకు కావలసిన కాగితం.

పని మొదలయ్యేది కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ వెబ్‌సైటు, నాట్స్ పోర్టల్‌లో. సెకండియర్ మెమో చేతికి రాగానే మీ బిడ్డ అందులో పేరు నమోదు చేసుకోవాలి. ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతా, ఆమె సొంత ఫోన్ నంబరు, మెయిల్ ఉండాలి. నెట్ సెంటర్ అబ్బాయి తన మెయిల్ పెట్టేస్తే ఆర్నెల్ల తర్వాత పాస్‌వర్డ్ కోసం అతని చుట్టూ తిరగాల్సి వస్తుంది. జిల్లాల్లో అప్రెంటిస్‌షిప్ మేళాలు పెడుతుంటారు. వాటి తేదీలు కాలేజీ ప్రిన్సిపాల్‌కు, జిల్లా ఇంటర్ విద్యాధికారి కార్యాలయానికి ముందుగా తెలుస్తాయి. మేళా కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు కూడా. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ ఏదైనా తన బలంలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని నిబంధన. పెద్ద ప్రైవేటు ఆస్పత్రికీ ఇది వర్తిస్తుంది. అలాంటి చోటికి వెళ్లినప్పుడు "ఏదైనా పనుంటే ఇవ్వండి సార్" అని కాకుండా "నాట్స్‌లో ఒకేషనల్ అప్రెంటిస్‌గా తీసుకుంటారా" అని అడిగితే మానవ వనరుల విభాగంలో వాళ్లకు సంగతి అర్థమవుతుంది.

అయినా మొదటి ప్రయత్నం సర్కారు ఆస్పత్రిలోనే చేయండి. ఒక నోటిఫికేషన్లో "ప్రభుత్వ ఆస్పత్రిలో అప్రెంటిస్‌షిప్" అని, ఇంకోదాంట్లో "గుర్తింపు పొందిన ఆస్పత్రిలో క్లినికల్ ట్రైనింగ్" అని రాస్తారు. సర్కారు ఆస్పత్రిలో చేసిన ఏడాదికి ఎక్కడా పేచీ రాదు. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. దానికి అనుబంధంగా ఉన్న జనరల్ ఆస్పత్రి మీకు బస్సు దూరమే. పీహెచ్‌సీలో చేసినా కాగితం వస్తుంది కానీ అక్కడి ల్యాబులో చూసే పరీక్షలు తక్కువ. జనరల్ ఆస్పత్రిలో హెమటాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బ్లడ్ బ్యాంకు విడివిడిగా ఉంటాయి. మూడు నెలలకోసారి విభాగం మార్చమని అడగాలి. అడగకపోతే ఏడాదంతా రక్తం తీసే బల్ల దగ్గరే కూర్చోబెడతారు. ఎక్కడైనా జరిగేది ఇదే, వాళ్లకు కావలసింది అక్కడ ఒక మనిషి.

ఇక్కడ పిల్లలు దెబ్బతినే మలుపులు రెండున్నాయి. మొదటిది, పాసవగానే ఊళ్లో ల్యాబులో నాలుగు వేలకో ఐదు వేలకో చేరిపోవడం. "ఒక రెండేళ్లు చేసి అనుభవం వచ్చాక అప్రెంటిస్‌షిప్ చూద్దాం" అనుకుంటారు. ఏడాదికి మించి ఉద్యోగానుభవం ఉన్నవాళ్లను, ఒకసారి అప్రెంటిస్‌షిప్ చేసినవాళ్లను నాట్స్‌లో తీసుకోరు. ఆ చిన్న ల్యాబు ఇచ్చే అనుభవ పత్రం సర్కారు పోస్టుకు క్లినికల్ ట్రైనింగ్ కిందకి రాదు. రెంటికీ చెడిన రేవడి బతుకవుతుంది. అందుకే వరుస తప్పకూడదు: ముందు అప్రెంటిస్‌షిప్, ఆ తర్వాతే ఎంత చిన్న ఉద్యోగమైనా.

రెండోది తేదీలు. అర్హతలన్నీ నోటిఫికేషన్లో చెప్పిన తేదీ నాటికి చేతిలో ఉండాలి. శిక్షణ ఇంకా 20 రోజులు మిగిలి ఉందన్నా, నమోదుకు దరఖాస్తు పెట్టాం గానీ సర్టిఫికెట్ రాలేదన్నా కుదరదు. శిక్షణ అయిన వారంలోనే పారామెడికల్ బోర్డు నమోదుకు కాగితాలు పంపాలి. ఆ సర్టిఫికెట్‌కు గడువు తేదీ ఉంటుంది, అది దాటకుండా రెన్యువల్ చేయించాలి. పది మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటే ఇప్పుడే సరిచేయించండి. మూడేళ్ల తర్వాత మూడు ఆఫీసులు తిరగడం కంటే ఇప్పుడు మీసేవకు ఒక్కసారి వెళ్లడం తేలిక.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. చట్టం లెక్కలో అప్రెంటిస్ శిక్షణ పొందే మనిషి, ఉద్యోగి కాదు. ఏడాది అయ్యాక అదే ఆస్పత్రి ఉద్యోగం ఇచ్చి తీరాలనేమీ లేదు. పైన చెప్పిన 20 పాయింట్లలో ఆ ఏడాదిని సర్వీసు కింద లెక్కేసుకోకండి. పాయింట్లు మొదలయ్యేది ఆ తర్వాత కాంట్రాక్టు మీదో అవుట్‌సోర్సింగ్ మీదో చేరిన రోజు నుంచే. ఆ చేరిక రోజు ఉత్తర్వు కాపీని ప్లాస్టిక్ కవర్లో భద్రం చేయించండి. తర్వాత సర్వీసు పత్రం అడిగినప్పుడు ఆధారం అదే.

సర్టిఫికెట్లు సరే, చేతిలో పనుండాలి కదా. ప్రైవేటు ల్యాబులో ఇంటర్వ్యూ అంటే ప్రశ్నలూ జవాబులూ కావు. ముందు నాలుగు ట్యూబులు పెడతారు. ఊదా రంగు మూత, లేత నీలం మూత, ఎరుపో పసుపో మూత, బూడిద రంగు మూత. ఏ పరీక్షకు ఏది, ఒకే సూదితో అన్నిటికీ రక్తం తీస్తే ఏది ముందు, ఎందుకు అని అడుగుతారు. లేత నీలం దాంట్లో రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ఉంటుంది, రక్తం గడ్డకట్టే సమయం చూసే పరీక్షలకు వాడతారు. దాన్ని ముందు నింపాలి. 0.3 మిల్లీలీటర్ల సిట్రేట్‌కు సరిగ్గా 2.7 మిల్లీలీటర్ల రక్తం పడాలి. నరం దొరకక రెండు మిల్లీలీటర్లు తీసి "చాల్లే" అనుకుంటే సిట్రేట్ పాలు ఎక్కువై, గడ్డకట్టే సమయం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అది చూసి డాక్టర్ రక్తం పలచబడే మందు తగ్గిస్తే ప్రమాదం రోగికి. ఊదా రంగు దాంట్లో ఉండేది పొటాషియం ఈడీటీఏ. అందులోని రక్తం కొంచెం ఎరుపు మూత ట్యూబులో ఒంపినా పొటాషియం పెరిగినట్టు, కాల్షియం పడిపోయినట్టు రిపోర్టు వస్తుంది. మనిషి బాగానే ఉంటాడు, కాగితం మీద మాత్రం ప్రాణం మీదకొచ్చినట్టుంటుంది. చేతికి కట్టిన పట్టీ నిమిషం దాటి ఉంచితే కూడా కొన్ని ఫలితాలు మారతాయి.

తర్వాత స్లైడు వేయమంటారు. ఒక చుక్క, దాని మీద ఇంకో స్లైడు 30 నుంచి 45 డిగ్రీల వాలులో, ఒక్క ఊపులో. చేయి ఆగితే గీతలు పడతాయి, చుక్క పెద్దదైతే చివర నాలుకలా పలచబడే భాగమే రాదు. మలేరియా వెతికేది, కణాలు లెక్కపెట్టేది అక్కడే కాబట్టి ఆ స్లైడు పారేయాల్సిందే. కణాలు కనిపించేలా చేసే లీష్మన్ రంగు రెండు నిమిషాలు, ఆపై దానికి రెండింతల బఫర్ (ఆమ్లగుణం మారకుండా ఉంచే ద్రావణం) పోసి ఏడు నుంచి పది నిమిషాలు. బఫర్ బదులు కుళాయి నీళ్లు పోస్తే రంగు కుదరదు. వంద స్లైడ్లు వేస్తే చేయి కుదురుతుంది. కాలేజీ ల్యాబులో రెండేళ్లలో పది స్లైడ్లు వేసినవాళ్లు, ఓజేటీలో రెండు వందలు వేసినవాళ్లు బల్ల దగ్గర కూర్చున్న అరనిమిషంలో తేలిపోతారు. మెమోలో ఇద్దరికీ ప్రాక్టికల్స్ మార్కులు ఒకటే ఉంటాయి లెండి, అది వేరే సంగతి.

కాబట్టి అడ్మిషన్ ఫారం నింపే ముందు కాలేజీకి మీరు, మీ బిడ్డ కలిసి వెళ్లండి. ఆ కాలేజీకి ఎంఎల్‌టీ కోర్సుకే ఇంటర్ బోర్డు గుర్తింపు ఉందా అని చూడండి. కాలేజీకి గుర్తింపు ఉండటం, కోర్సుకు ఉండటం వేరు వేరు. ల్యాబు తలుపు తీసి చూపించమనండి. మైక్రోస్కోపులు ఎన్ని పనిచేస్తున్నాయి, సెంట్రిఫ్యూజ్ తిరుగుతోందా, బీరువాలోని రసాయనాల సీసాల మీద గడువు తేదీలేమిటి, ఇవి చూస్తే చాలు. "ఓజేటీకి పిల్లలను ఏ ఆస్పత్రికి పంపుతున్నారు, పోయినేడు ఎన్ని రోజులు వెళ్లారు" అని అడగండి. ఆస్పత్రి పేరు వెంటనే చెప్పకుండా "అవన్నీ మేం చూసుకుంటామమ్మా" అంటే, హాజరు కాగితం మీద ఓజేటీ పూర్తి చేసే కాలేజీ అని అర్థం. పక్క మండలంలో ఇంకో కాలేజీ ఉంటే అది చూడండి. ఓజేటీ మొదలయ్యేలోపు హెపటైటిస్-బి టీకా మూడు డోసులు పడాలి. మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. చేరిన నెలలోనే మొదలుపెట్టించండి.

పై చదువు సంగతి అడిగారు. దారి మూసుకుపోదు, కానీ దాని తాళం విడిగా తీసుకోవాలి. ఆ తాళం పేరు బ్రిడ్జి కోర్సు. ఒకేషనల్ చదువుతూనే జీవశాస్త్రం, భౌతిక రసాయన శాస్త్రాల బ్రిడ్జి పేపర్లు రాసి పాసవ్వాలి. అవి పాసైనవాళ్లకు వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద బీఎస్సీ ఎంఎల్‌టీ లాంటి కోర్సులకు దరఖాస్తు చేసే వీలుంటుంది. చాలా కాలేజీల్లో ఈ పేపర్ల గురించి ఎవరూ గట్టిగా చెప్పరు. పరీక్ష ఫీజు కట్టేటప్పుడు బ్రిడ్జికి కూడా కట్టామా లేదా అని మీరే అడగాలి. క్లాసులు సరిగా జరగకపోతే బైపీసీ చదివే స్నేహితురాలి పుస్తకాలు పట్టుకుని చదువుకోవచ్చు. ఇప్పుడు అక్కర్లేదు, తర్వాత రాస్తాలే అని వదిలేసినవాళ్లు ఉద్యోగంలో పడ్డాక మళ్లీ ఆ పుస్తకం తెరవడం అరుదు.

దీని మీద మేం ఇంత పట్టుపట్టడానికి కారణముంది. ఎరిక్ హనుషెక్ అనే అమెరికన్ ఆర్థికవేత్త, ఇంకో ముగ్గురు కలిసి 11 దేశాల సమాచారం పరిశీలించి 2017లో ఒక వ్యాసం ప్రచురించారు. వృత్తి విద్య చదివినవాళ్లకు చిన్న వయసులో ఉద్యోగం త్వరగా దొరుకుతుంది, వయసు పెరిగేకొద్దీ ఆ ఆధిక్యం కరిగి, సాధారణ చదువు చదివినవాళ్లు ముందుకెళతారు అన్నది అందులో తేలిన విషయం. జర్మనీ, డెన్మార్క్, స్విట్జర్లాండ్ లాంటి అప్రెంటిస్‌షిప్ బలంగా ఉన్న దేశాల్లోనే ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది. కారణం ఊహించడం కష్టం కాదు. ఒక్క పని నేర్చుకున్న మనిషి, ఆ పని మారినప్పుడు చిక్కుకుపోతాడు. ల్యాబుల్లో ఇది కళ్ల ముందే జరుగుతోంది. చేత్తో కణాలు లెక్కపెట్టే పనిని సెల్ కౌంటర్ యంత్రం మింగేసింది. జిల్లాల్లోని తెలంగాణ డయాగ్నస్టిక్స్ హబ్‌లలో పీహెచ్‌సీల నుంచి వచ్చిన నమూనాలను పెద్ద యంత్రాలు వరుసగా చేసేస్తాయి. అక్కడ టెక్నీషియన్ పని మీటలు నొక్కడం కాదు. యంత్రం ఫలితాలను సరిచూసే నాణ్యత పట్టికలో చుక్క హద్దు గీత దాటితే యంత్రం తప్పా, రసాయనం తప్పా, నమూనా తప్పా అని పట్టుకోవడం. దానికి రసాయన శాస్త్రం కావాలి.

చట్టం కూడా అటువైపే నడుస్తోంది. 2021లో కేంద్రం తెచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం, ఈ రంగంలో టెక్నీషియన్ అనిపించుకోవడానికి రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటల డిప్లొమా లేదా డిగ్రీ చదువును ప్రమాణంగా పెట్టింది. నాణ్యతా గుర్తింపు ఉన్న పెద్ద ల్యాబులు ఇప్పటికే డీఎంఎల్‌టీయో బీఎస్సీ ఎంఎల్‌టీయో అడుగుతున్నాయి. మా అంచనా ఏమిటంటే, ఇంటర్ ఒకేషనల్‌తో ల్యాబులో అడుగుపెట్టే తలుపు రానురాను ఇరుకవుతుంది. ఈ మూడేళ్లను లోపలికి వెళ్లే మెట్టుగా వాడుకుని, సంపాదన మొదలయ్యాక డిగ్రీ చేసుకునే ఆలోచనతో చేరిస్తేనే ఈ కోర్సుకు మా ఓటు. జీవితమంతా ఇంటర్ మెమోతోనే గడిచిపోతుందనుకుంటే మీ తమ్ముడి మాటే మేలు.

"సీటు రానోళ్ల గ్రూపు" అన్న పేరు ఎందుకొచ్చిందో కూడా ఒక్క మాట. 1986 జాతీయ విద్యా విధానం 1995 కల్లా ప్లస్‌టూ పిల్లల్లో 25 శాతాన్ని వృత్తి విద్యలోకి మళ్లించాలని లక్ష్యం పెట్టుకుంది. దాని దరిదాపులకు కూడా వెళ్లలేదు. కోర్సులు పెట్టారు గానీ, ఆ కోర్సు చదివితేనే ఫలానా పోస్టు అన్న ముడి చాలావాటికి వేయలేదు. ముడి ఉన్న కోర్సులు కొన్నే. ఎంఎల్‌టీ, ఎంపీహెచ్‌డబ్ల్యూ, ఎలక్ట్రికల్ ఆ కొన్నిటిలోవి. ఏ ఒకేషనల్ గ్రూపు గురించైనా అడగాల్సింది "మంచిదా చెడ్డదా" అని కాదు. గత నాలుగైదేళ్ల నోటిఫికేషన్లు తీసి, అర్హతల గడిలో ఆ కోర్సు పేరు అక్షరాలా ఉందా అని చూడండి. "తత్సమానం" అన్న మాట మీద ఆశ పెట్టుకోకండి.

మీ బాబు విషయం కూడా ఈ కొలతతోనే తేలుతుంది. తెలంగాణ దక్షిణ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) జూనియర్ లైన్‌మన్ పోస్టులకు పదో తరగతితో పాటు ఐటీఐ ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్, లేకపోతే రెండేళ్ల ఎలక్ట్రికల్ ఒకేషనల్ ఇంటర్ అని రాశారు. అక్కడ రెండూ సమానమే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఎనర్జీ అసిస్టెంట్ పోస్టుల్లోనూ కొన్ని ఎలక్ట్రికల్ ఒకేషనల్ కోర్సులను పేరు పెట్టి మరీ చేర్చారు. రైల్వేకు వెళితే సీన్ మారుతుంది. అసిస్టెంట్ లోకో పైలట్, టెక్నీషియన్ పోస్టులకు అడిగేది ఐటీఐ. ఎలక్ట్రికల్ ఒకేషనల్ మెమో అక్కడ చెల్లదు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ కూడా రెండేళ్లే, దాని సర్టిఫికెట్ దేశమంతటా ఒకటే. కరెంటు పని మీదే మనసున్న పిల్లవాడికి మా మొగ్గు ఐటీఐ వైపే. పై చదువు ఆశ ఉండి లెక్కలు బాగా వస్తే పదిలోనే పాలీసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) రాయించండి, మూడేళ్ల డిప్లొమా ఈ రెంటికంటే పైమెట్టు.

లైన్‌మన్ కొలువుకు రాత పరీక్ష తర్వాత స్తంభం ఎక్కి చూపించాలి. చదువంతా బాగుండి అక్కడ కాళ్లు వణికి వెనక్కి వచ్చేవాళ్లూ ఉంటారు. వాడికి ఎత్తంటే భయముందేమో ఇప్పటినుంచే గమనించండి, అయితే కరెంటు స్తంభం మీద మాత్రం కాదు.